ఊపిరి అంటని పలక

మార్కాపురం తాలూకా సబ్ మేజిస్ట్రేటు గారి ఎదుట, 1938 ఫిబ్రవరి 16వ తేదీ బుధవారం ఉదయం పదకొండు గంటలకు ముద్దాయి చెప్పినది. అతని మాటల్లోనే రాయబడినది.

అయ్యా, ఊపిరి తీస్తున్న మనిషిని చచ్చినవాళ్లలో కలిపే అధికారం ఎవరికి ఉంది? మీకు ఉందా? నా మాటలు రాసుకుంటున్న గుమాస్తా గారికి ఉందా? దీనికి జవాబు తెలియకుండా నా నేరం ఏమిటో మీకు తెలియదు. అందుకే పేరు చెప్పుకోకముందే అడుగుతున్నాను.

నా పేరు కరుణాకరం. బాప్తిస్మానికి ముందు పేరు సుబ్బన్న. మా వాళ్లు ఇప్పటికీ అట్లే పిలుస్తారు. తండ్రి పేరు పెద్దన్న, కీర్తిశేషుడు. వయసు సుమారు నలభై. పుట్టింది ఈ పట్టణానికి పడమరగా ఉన్న గనుల పల్లెలో. ఇప్పుడు గిద్దలూరు స్టేషను దగ్గర కాపురం. పగలు రైలు దారి మీద కంకర కూలి చేస్తాను. సాయంత్రం వాక్యం చెబుతాను, చదువు రాని పెద్దవాళ్లకు అక్షరాలు దిద్దిస్తాను. నాకు ఏ మిషనూ జీతం ఇవ్వదు. నేను బడి మెట్టు ఎక్కినవాణ్ణి కాను. షెడ్డు బయట పారేసిన విరిగిన పలకల మీద అక్షరాలు నేర్చుకున్నాను. పరిశుద్ధ గ్రంథం నా సంచిలోనే ఉంటుంది. ప్రమాణానికి కోర్టు వారిది అడగలేదు, నాదే బల్ల మీద పెట్టినాను.

నా మీద ఫిర్యాదు ఇది: మొన్న సోమవారం పద్నాలుగో తేదీ పొద్దున షావుకారు మల్లికార్జునరావు గారి పలకల షెడ్డులోకి జొరబడినానని, మేస్త్రి అంకన్న చేతిలోని పలకను పగలగొట్టినానని, పనిలో ఉన్న ఒక పిల్లను ఎత్తుకుపోయినానని. మూడూ చేసినాను. ఎందుకు చేసినానో రాసుకోండి.

మా పల్లెలో అందరిదీ పలక పనే. గనిలో రాయి తీస్తారు. ఉలి పెట్టి పొరలు పొరలుగా చీలుస్తారు. రంపంతో కోస్తారు. ఆ తర్వాత షెడ్డులో కూర్చుని నున్నగా రుద్దుతారు. రుద్దేది ఎక్కువగా ఆడవాళ్లు. అక్కడ లేచే దుమ్ము పిండిలాగా ఉంటుంది, ముక్కుకు గుడ్డ కట్టుకున్నా ఆగదు. రుద్దిన పలకకు చట్రం కొట్టే ముందు దాని మీద నోటితో ఆవిరి ఊదుతారు. ఆవిరి ఒకేసారి పోతే పలక మంచిది. ఎక్కడన్నా గీతలాగా నిలిస్తే లోపల పగులు ఉన్నట్టు. ఇది పని.

ఆ పలకతోనే మా పల్లెలో ఇంకొక పని చేస్తారు. మంచంలో ఉన్న మనిషి పోయినాడా లేదా అని సందేహం వచ్చినప్పుడు నున్నటి పలకను ముక్కు ముందర పెడతారు. ఆవిరి అంటితే దుప్పటి మెడదాకా కప్పుతారు. అంటకపోతే ముఖం మీదికి కప్పుతారు. ఆ తర్వాత ఎవరూ మారు మాట్లాడరు. మా నాయనకు అట్లే చూసినారు. ఆయన ముక్కు ముందర పలక పట్టింది మా అక్క రాములమ్మ.

మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది, నన్ను పెంచింది అక్కే. ఊహ తెలిసినప్పటి నుంచి రుద్దే పనిలోనే ఉంది. కొన్నాళ్లు రంపం దగ్గర పెట్టినప్పుడు కుడిచేతి చూపుడువేలు సగానికి తెగిపోయింది. ఈ వేలు సంగతి గుర్తు పెట్టుకోండి. ఆమె భర్త ఓబులయ్య గొర్రెలు కాస్తాడు. ఒక్కతే కూతురు, చెన్నమ్మ. తొమ్మిదేళ్లు ఉంటాయి.

పోయిన అక్టోబరులో చెన్నపట్నం కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే పుల్లారావు గారు మా పల్లెకు వచ్చినాడు. కూలివాళ్ల పనికీ, చదువుకూ, రోగాలకూ ఉన్న సంబంధం మీద పరిశోధన చేస్తున్నానని చెప్పినాడు. అక్కకు ఆయాసం ఎక్కువైందని కబురు వస్తే నేనూ అప్పుడు అక్కడే ఉన్నాను. మా వాళ్ల మాట ఆయనకూ, ఆయన మాట మా వాళ్లకూ సరిగా అందకపోతే మధ్యలో నిలబడి చెప్పినాను. ఆయన చెడ్డవాడని నేను అనను. మా ఇంట్లో సంగటి తిన్నాడు, చాప మీద కూర్చున్నాడు. ఎంత కాలం నుంచి దగ్గు, ఎన్నాళ్లు పని మానినావు, ఎన్నో తరగతి దాకా చదివినావు అని ఓపికగా అడిగినాడు. పిల్లను బడికి ఎందుకు పంపలేదని అక్కను అడిగితే, "అందరం బడికి పోతే బడికి పలకలు ఎవురు చేస్తారు సామీ?" అన్నది. ఆయన నవ్వి, అది కూడా రాసుకున్నాడు.

మరుసటి రోజు షెడ్డు ముందర అందరినీ వరుసగా నిలబెట్టినాడు. ఊపిరితిత్తుల బలం చూడడానికి పట్నంలో ఏదో యంత్రం ఉందట, దాన్ని ఇంత దూరం తేలేక సులువైన ఉపాయం ఆలోచించినానన్నాడు. ఒక నున్నటి పలక తీసుకుని, జానెడు దూరంలో ముఖం ముందర పట్టి, నోటితో ఊదమన్నాడు. గట్టి రొమ్ము ఉన్నవాళ్ల ఆవిరి అంత దూరం పోతుంది, దుమ్ము నిండిన రొమ్ము నుంచి పోదు. అంతే ఆయన లెక్క. నేను దగ్గరికి పోయి, అయ్యా, ఈ పరీక్ష ఇక్కడ వద్దు, ఇది మా పల్లెలో చచ్చినవాళ్లకు చేసేది అని చెప్పినాను.

"అయితే బతికున్నవాళ్లకు భయమెందుకయ్యా?" అన్నాడు.

ముగ్గురి ఊపిరి అంటలేదు. మస్తానయ్య, గనిలో పెద్ద కూలి. మాలకొండమ్మ, ముసలామె, నా అనేవాళ్లు లేరు. మూడో మనిషి మా అక్క. అక్క రెండుసార్లు ఊదింది. పలక నల్లగా, పొడిగా, అట్లనే ఉంది. పక్కన నిలబడినవాళ్లు ఒక్కొక్కరే జరిగినారు. ఎవరూ తోయలేదు, ఎవరూ అరవలేదు. కాసేపటికి ఆ ముగ్గురి చుట్టూ నేల మాత్రమే ఉంది. నా వెనక ఒక ఆడమనిషి కొంగు నెత్తి మీదికి లాక్కుని, పక్కనున్నామెను మెల్లగా అడిగింది: "రాములమ్మ ఎప్పుడు పోయిందంట?"

అక్క అక్కడే నిలబడి ఉంది. ఆ మాట విన్నది. తన చేతులను తిప్పి తిప్పి చూసుకున్నది.

నేను షెడ్డు ముందర ఉన్న పలకల బండి ఎక్కి నిలబడి కేకలేసినాను. మట్టిని పిసికి, ముక్కులో తన ఊపిరి ఊది మనిషిని నిలబెట్టిన దేవుడు, ఆ ఊపిరిని కొలవమని ఎవరి చేతికీ పలక ఇవ్వలేదన్నాను. గొంతు పోయేదాకా చెప్పినాను. విన్నవాళ్లు విన్నట్టే ఉన్నారు. కానీ నేను దిగి అక్క భుజం మీద చెయ్యి వేస్తే, నా నుంచి కూడా జరిగినారు.

పుల్లారావు గారు షావుకారుకు ఇంగ్లీషులో ఒక కాగితం రాసి ఇచ్చినాడు. చదివి తెలుగులో చెప్పింది కూడా ఆయనే. ఈ ముగ్గురిని దుమ్ములో ఉంచరాదు, వేరే చోట విశ్రాంతిగా ఉంచాలి. షావుకారు తలూపి, చూసుకోమని మేస్త్రి అంకన్నకు చెప్పినాడు. నేను అదే నమ్మి సాయంత్రం రైలుకు గిద్దలూరు పోయినాను.

జనవరిలో మా పల్లె గొర్రెలకాపరి ఒకడు సంతకు వచ్చి చెప్పినాడు: మీ అక్క పోయింది, దినం కూడా అయిపోయింది. ఏడ్చినాను. ఆ వారం పునరుత్థానం గురించి వాక్యం చెప్పినాను. నాలుగు దినాలు సమాధిలో ఉన్న మనిషిని ప్రభువు పేరు పెట్టి పిలిచి బయటికి రప్పించిన సంగతి చెప్పినాను. చెబుతుంటే నా నోరు నాకే వేరేవాళ్ల నోరులాగా ఉండింది.

ఇక అసలు సంగతి. మొన్న శుక్రవారం పదకొండో తేదీ, దీపాలు పెట్టే వేళ, గిద్దలూరులో మా అక్షరాల తరగతి. బజారులో కొత్త పలకలు కొని తెచ్చినాను. రోశమ్మ అని గ్యాంగు కూలి భార్య, 'అ' నుంచి 'ఊ' దాకా వచ్చింది. ఆమె రాసినది తుడవడానికి పలక మీద హా అని ఊది, కొంగు ఎత్తి, అట్లే ఆగిపోయింది.

"అన్నా, దీంట్లో ఎవుర్దో చెయ్యి ఉండాది."

నేను పోయి చూసేసరికి ఏమీ లేదు. మళ్లీ ఊదమన్నాను. ఆవిరి పట్టింది. ఆ ఆవిరిలో నల్లగా ఒక అరచెయ్యి. అయిదు వేళ్లూ విడివిడిగా. చూపుడువేలు సగమే ఉంది.

ఆవిరి ఆరిపోతే చెయ్యి పోయింది. నేను ఊదితే మళ్లీ వచ్చింది. "నీకు తెలిసిన చెయ్యా అన్నా?" అని రోశమ్మ అడిగింది. గ్రంథంలో పాపపు రాజు విందులో గోడ మీద రాసిన చెయ్యి సంగతి నేను ఎన్నిసార్లో చెప్పి ఉంటాను. చెప్పినప్పుడు ఎన్నడూ ఆ రాజు మోకాళ్లు ఎట్లా వణికినాయో నాకు తెలియదు. ఆ సాయంత్రం తెలిసింది. నాకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి అది.

శనివారం పొద్దున దుకాణానికి పోయి పలకల పెట్టె తీయించి ఒక్కొక్క దాని మీద ఊదినాను. దుకాణదారు నాకు పిచ్చి పట్టిందనుకున్నాడు. కొన్ని పలకల్లో ఏమీ లేదు. చాలా పలకల్లో అదే చెయ్యి. ఆ పెట్టె ఈ సంక్రాంతి తర్వాత మార్కాపురం నుంచి వచ్చిందన్నాడు. అక్క దినం అయింది దానికి ముందు.

ఆ రోజే రైలెక్కి పల్లెకు వచ్చినాను. మా బావ ఓబులయ్య గొర్రెలను దొడ్డిలోకి తోలుతున్నాడు. అక్కను ఎక్కడ పూడ్చినారు బావా అని అడిగితే దొడ్డి తడిక మూసినాడు. రెండోసారి అడిగితే, పూడ్చలేదన్నాడు. మేస్త్రి ఆ ముగ్గురిని పాడుబడిన పాత గనికి తీసుకుపోయినాడట. ఊపిరి అంటనివాళ్లు ఇండ్లల్లో ఉంటే పిల్లలకు తగులుతుందని పెద్దలు అన్నారట. దినం చేసినారు, తలకు పోసుకున్నారు, మునసబుకు చెప్పి చావు రాయించినారు. చెన్నమ్మ ఏమడగలేదా అంటే, అమ్మ పోయిందని చెప్పినాం, ఊరుకున్నది అన్నాడు.

మేము మాట్లాడుతుండగానే బావ ఒక గిన్నెలో సంగటి ముద్ద పెట్టి, మీద పచ్చడి వేసి, గుడ్డ కప్పినాడు. పోయినవాళ్లకు పెట్టినట్టు రోజూ సాయంత్రం పాత గని అంచున పెట్టి, వెనక్కి చూడకుండా వస్తాడట. పొద్దున పోయి ఖాళీ గిన్నె తెచ్చుకుంటాడట.

"ఎవరు తింటున్నారు బావా?"

"ఏమో సుబ్బన్నా. కాకులు తింటాయిలే."

"గిన్నె ఎట్ల ఉంటది?"

"కడిగి బోర్లించి ఉంటది."

"కాకి గిన్నె కడుగుతాదా బావా?"

 ఆయన గిన్నె పట్టుకుని నా పక్క నుంచి నడిచి, రోజూలాగానే గని దారి పట్టినాడు.

ఆదివారం ఆరాధన మాని, ఎండ ఎక్కినాక పాత గనికి పోయినాను. మిట్టమధ్యాహ్నం. కింద గుంటలో రాతిగోడకు ఆనించి తాటాకు పాక ఉంది. తలుపు లేదు. కాపలా లేదు. గొలుసు లేదు. రాయి మీద రాయి రుద్దుతున్న చప్పుడు ఒక్కటే. దిగి చూసినాను. ముగ్గురు కూర్చుని ఉన్నారు. తల, రెప్పలు, పెదవులు అన్నీ బూడిద రంగు. ముగ్గురిలో ఎవరు ఆడ, ఎవరు మగ అని వెంటనే తెలియలేదు. నేను వచ్చిన అలికిడికి ఒక్కరూ తల ఎత్తలేదు. ఒక ఆకారం పలక రుద్దడం ఆపి, దాని మీద అరచెయ్యి ఒత్తి పెట్టి, తీసి, వెలుతురుకు వాల్చి చూసింది. సగం వేలు.

అక్కా అని పిలిచినాను.

"నన్ను పిలవొద్దు సుబ్బన్నా," అన్నది. గొంతు పొడి రాయిలాగా ఉంది. "పోయినోళ్లను పిలిస్తే ఇంటికి మంచిది కాదు."

నువ్వు బతికే ఉన్నావక్కా అన్నాను. పలక చూపించి, ఊపిరి రాదు కదా, అందుకే చెయ్యి పెట్టి పగుళ్లు చూస్తున్నా అన్నది. అదే జవాబు అన్నట్టు చెప్పింది. మస్తానయ్య తన పని తాను చేసుకుంటున్నాడు. మాలకొండమ్మ నన్ను చూసి, కొత్తగా వచ్చినావా నాయనా, ఈ పక్కన చోటుంది కూర్చో అన్నది.

అయ్యా, నేను ఎన్నో సమాధుల దగ్గర నిలబడి వాక్యం చెప్పినాను. ఆ మాటకు కలిగిన భయం నాకు ఎక్కడా కలగలేదు.

అక్క చెయ్యి పట్టి లేపబోయినాను. ఎండుకట్టెలాగా తేలికగా ఉంది, కానీ లేవలేదు. నేను ఇంటికి వస్తే బిడ్డకు తగులుతుందన్నది. మేస్త్రి మాట ఇచ్చినాడన్నది. ఆ ముగ్గురికీ కూలి లేదు; చచ్చినవాళ్లకు కూలి ఏందని మేస్త్రి నవ్వినాడట. కానీ అక్క ఇక్కడ రుద్దినన్నాళ్లు ఆమె చోటుకు చెన్నమ్మను తీసుకోనని, పిల్లను బడికి పంపిస్తానని మాట ఇచ్చినాడు. ఆ మాట మీద కూర్చుని ఉంది. అది చెప్పి, ఆ ఒక్కసారే తల ఎత్తి నా కళ్లలోకి చూసి అడిగింది:

"పిల్ల బడికి పోతాందా?"

నాకు తెలియదు, చూసి వచ్చి చెబుతానన్నాను.

సోమవారం పొద్దున బడి దగ్గరికి పోతే చెన్నమ్మ లేదు. షెడ్డుకు పోయినాను. వాకిట్లో అంకన్న పలక పట్టుకుని నిలబడి ఉన్నాడు. పుల్లారావు గారు పోయినప్పటి నుంచి రోజూ పొద్దున పనికి వచ్చేవాళ్లందరి చేతా దాని మీద ఊదిస్తున్నాడట. ఆ షెడ్డులోకి పోయేవాళ్లు ముందుగా వేణ్ణీళ్లు తాగి వస్తున్నారని, ఆవిరి రాకపోతే ఎక్కడికి పంపిస్తారో అందరికీ తెలుసునని నాకు అప్పుడు తెలిసింది. నా ముఖం ముందర కూడా పెట్టినాడు. కోపంతో ఉన్నాను, ఆవిరి బాగా పట్టింది. "నీకు బాగుందిలే స్వామీ, పోయి వాక్యం చెప్పుకో," అన్నాడు.

ఆయన వెనక, రుద్దేవాళ్ల వరుసలో, మా అక్క రోజూ కూర్చునే చోట చెన్నమ్మ కూర్చుని ఉంది. ముఖం నిండా దుమ్ము. పలక మీద ఊది, ఆరేదాకా చూసి, పక్కన పెట్టి, ఇంకొకటి తీసుకుంటున్నది. ఆ పిల్ల ఊపిరి పలక నిండా తెల్లగా పట్టింది. ఇప్పటికి మాత్రం.

అప్పుడు అంకన్న చేతిలోని పలక లాక్కుని గడప మీద కొట్టినాను. పిల్లను ఎత్తుకున్నాను. బజారు దాకా రాగానే కానిస్టేబుళ్లు పట్టుకున్నారు. చెన్నమ్మను వాళ్ల నాయనకు అప్పగించినారు, నన్ను ఠాణాలో పెట్టినారు. నేను చేసింది ఇదే. అక్కకు తిరిగి పోయి జవాబు చెప్పలేకపోయినాను.

(ప్రశ్నకు జవాబు) కాపలా లేనప్పుడు వాళ్లే లేచి ఎందుకు రాలేదని తమరు అడుగుతున్నారు. ఎక్కడికి వస్తారయ్యా? పల్లెలో వాళ్లకు తలుపు తీసేవాళ్లు లేరు. ఎదురుపడితే ముఖం తిప్పుకుంటారు. వాళ్లకు వాళ్లే తలుపు తీసుకోలేకపోతున్నారు.

(ప్రశ్నకు జవాబు) మునసబు చావు రాసుకున్నాడు, అందుచేత పాత గనిలో ఎవరూ లేరని మేస్త్రి చెప్పినాడంటున్నారు. ఇదిగో, గిద్దలూరు పలక. దీని మీద ఊదండి.

(ముద్దాయి ఒక పలక చూపినాడు. కోర్టు వారు ఊదలేదు. గుమాస్తా ఊదగా ఆవిరిలో కుడి అరచెయ్యి ఆనవాలు కనిపించినది. చూపుడువేలు సగానికి ఉన్నది. ఆవిరి ఆరగానే కనిపించలేదు. గుమాస్తా రెండోసారి ఊదనన్నాడు.)

ఇంకొక్క మాట ఉంది. ఈ పొద్దున ఠాణా కటకటాల దగ్గరికి మా బావ ఓబులయ్య వచ్చినాడు. చేతిలో గిన్నె ఉంది. రోజూ వెనక్కి చూడకుండా వచ్చే మనిషి, ఇన్నాళ్లూ కాకులని చెప్పిన మనిషి, గిన్నె మీద గుడ్డ తీసి నాకు చూపించినాడు. నిన్న సాయంత్రం పెట్టిన సంగటి పెట్టినట్టే ఉంది. పచ్చడి పైన ఎండి నల్లబడింది. ఎవరూ ముట్టలేదు.

"తినలేదు సుబ్బన్నా," అన్నాడు. "గిన్నె కడగలేదు."

ఆయన గుంటలోకి దిగలేదు.  అంచు మీద నిలబడి విన్నాడు. రుద్దే చప్పుడు వినిపించిందట, కానీ ముగ్గురిది కాదు, ఒక్కరిదే అనిపించిందట. ఎవరిదో తెలియలేదట. ఆయన ఈ కోర్టు వరండాలోనే ఉన్నాడు, చెన్నమ్మ పక్కనే కూర్చుని ఉంది. గిన్నె ఆమె ఒడిలో ఉంది. పిలిచి చూడండి.

పైన రాసినది గుమాస్తా గారు నాకు చదివి వినిపించినారు. నేను చూసినది చూసినట్టు, విన్నది విన్నట్టు ఉంది. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ నేర్పలేదు. దేవుడు వింటుండగా చెప్పినాను. నా శిక్ష తర్వాత వేయండి, ఎంతైనా వేయండి. కోటు వేసుకున్న పెద్దమనిషి పలక పట్టి వాళ్లను చచ్చినవాళ్లను చేసినాడు. మా పల్లె నా మాట వినదు, ఆ ముగ్గురూ వినరు. కుర్చీలో కూర్చున్న తమరి నోరు చెబితే వింటారు. ఆసుపత్రి డాక్టరును వెంట తీసుకోండి. పిల్లను తీసుకోండి, మా అక్క ప్రశ్నకు జవాబు ఆ పిల్లే. పలక మాత్రం తీసుకుపోకండి. గుంట అంచున నిలబడి రాములమ్మా, మాలకొండమ్మా, మస్తానయ్యా అని పేరు పేరునా గట్టిగా పిలవండి, మీరు బతికే ఉన్నారని సర్కారు తరపున చెప్పండి. వాయిదా వేయకండి. భోజనానికి లేవకండి. బండి కట్టించండి, ఇవాళే, ఇప్పుడే, ఆ చప్పుడు ఆగకముందే.

(సంతకం) పె. కరుణాకరం